అల్లుడికి రాసిచ్చిన నేల

ఆ ఊళ్ళో తెల్లల్లుళ్ళ కథలు కొత్తవేం కాదు. ఒకడు వస్తాడు, పెళ్ళాం పేరున నేల కొంటాడు, దాని మీద రెండంతస్తుల ఇల్లు కడతాడు, ఇనప గేటుకు బంగారు రంగు వేయిస్తాడు. థాయ్ చట్టంలో పరాయి దేశపువాడికి అరచేయంత నేల కూడా సొంతం కాదు. అందుకని పెళ్ళాంతో చెడినా, పెళ్ళాం పోయినా ఒక సంచీ భుజాన వేసుకుని బస్సెక్కుతాడు. ఊరు ఆ గేటు చూసి నవ్వుకుంటుంది. బువాలోయ్ కూడా ఒకప్పుడు నవ్వింది. ఎదుటివాళ్ళ పొయ్యిలో పొగకు మన కళ్ళు మండవు కదా.

పోయిన చలికాలం ఆమె కూతురు పికున్ కూరమడికి నీళ్ళు పెడుతూ పెడుతూ, మెదడులో నరం చిట్లి అక్కడే కూలిపోయింది. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

పికున్ మొగుడు ఆర్నెది నార్వే. ముప్పై ఏళ్ళ వయసులో వచ్చి, పద్నాలుగేళ్ళు కాపురం చేశాడు. పిల్లలు లేరు. అత్తగారిని "అమ్మా" అని పిలుస్తాడు. ఆ పిలుపులో యాస ఇప్పటికీ వంకరే గానీ, మనిషిలో వంకర లేదు. జిగురన్నం ఉండ చేసుకుని పచ్చి మిరపకాయల పచ్చడిలో అద్దుకుని, కళ్ళ నీళ్ళు కారుతున్నా ఆపకుండా తింటాడు. పొద్దున్నే బౌద్ధ భిక్షువులు భిక్షకు వీధిలోకి వచ్చే వేళకు అత్తగారి పక్కన చాప వేసి మోకాళ్ళ మీద కూర్చుంటాడు. కూతురు పోయాక ఆ చాప మీద ఇద్దరే మిగిలారు.

దినాలు పూర్తయ్యాయో లేదో, పక్కింటి కేసోన్ కంచె మీద చేతులు పెట్టుకుని మొదలుపెట్టింది.

"ఏమే బువాలోయ్, తెల్లల్లుడు సామాను ఎప్పుడు సర్దుతాడు? ఆ పెద్ద ఫ్రిజ్ ఎవరికిచ్చి పోతాడట?"

"నీ ఇంట్లోనే దిగుతాడట. ఫ్రిజ్ కూడా తెస్తాడట. పోయి చోటు చూడు."

నోటితో అలా తిప్పికొట్టింది గానీ లోపల భయం పట్టుకుంది. పికున్ పేరున ఉన్న నేల వారసత్వంగా ఆర్నెకు వచ్చినా ఏడాదిలోగా అమ్మేయాలి. ఆ సంగతి ఊళ్ళో పిల్లి పిల్లకు కూడా తెలుసు. బ్యాంకాక్‌లో ఉండే పెద్దకొడుకు థవోన్ ఫోను చేశాడు.

"అమ్మా, మన పిల్లే లేనప్పుడు ఇంక అల్లుడేంటి? రోడ్డు పక్క నేల, మంచి బేరం వచ్చింది. అమ్మేసి అతనికి రావలసింది చేతిలో పెట్టి పంపేద్దాం."

"నా కంటికి ఆపరేషన్ అయింది. ఏ కన్నుకో చెప్పు."

థవోన్ మళ్ళీ బేరం మాటే ఎత్తబోయాడు.

"అతనికి తెలుసు. రోజుకు నాలుగుసార్లు చుక్కలు వేసింది అతనే. ఇక ఫోను పెట్టెయ్."

ఊరందరిదీ ఒక దారైతే బువాలోయ్‌ది ఒక దారి. తన ఇంట మాత్రం అల్లుడు సంచీతో బస్సెక్కకూడదు, అంతే. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, ఆ వానాకాలమంతా కోర్టు మెట్లు ఎక్కింది, దిగింది. ఆర్నె తన వాటా ఆమెకు వదిలాడు. నేల ఆమె పేరున మారింది. మారిన వారంలోనే అల్లుడిని వెంటబెట్టుకుని భూముల ఆఫీసుకు పోయింది. అతను బతికున్నంతకాలం ఆ నేల మీద ఉండి, పండింది కోసుకు తినే హక్కు రాయమంది.

"అవ్వా, ఆలోచించుకున్నావా? ఇది పట్టా వెనక ఎక్కిందంటే రేపు నీ కొడుకు కూడా ఇతన్ని కదిలించలేడు," అన్నాడు గుమాస్తా.

"అందుకే కదయ్యా వచ్చింది. నీ సిరా గట్టిదేనా? గట్టిగా రాయి."

బయటికొచ్చాక కొట్టు దగ్గర బొప్పాయి కాయ దంచిన కారప్పచ్చడి చేయించుకుని ఇద్దరూ తిన్నారు. పికున్ పోయాక బువాలోయ్ కడుపు నిండా తిన్నది ఆ రోజే. ఇంటికొచ్చి పట్టా తీసుకెళ్ళి కేసోన్ ముఖం ముందు ఆడించింది కూడా. ఆ మాత్రం గర్వపడే హక్కు ఆమెకు లేదా ఏం?

మరుసటి నెల ఆర్నె దేశంలో ఉండే అనుమతిని ఏటేటా పొడిగించుకునే రోజు వచ్చింది. ఇదివరకు పికునే ఆ పని చూసుకునేది. ఈసారి బువాలోయ్ తయారైంది. అక్కడి ఆడవాళ్ళు పండక్కి కట్టే పట్టు లంగా చుట్టుకుని, పట్టాను సంచీలో పెట్టుకుని పట్నంలోని ఆఫీసులో అధికారిణి ముందు కూర్చుంది. అధికారిణి మనవరాలి వయసు పిల్ల. కాగితాలు తిరగేసి, "భార్య ఎక్కడ?" అంది.

"పోయింది తల్లీ. కానీ నేల ఉంది. చూడు, బతికున్నంతకాలం అని రాయించాను."

ఆ పిల్ల పట్టా చూసింది, చదివింది, రెండు చేతులతో మర్యాదగా వెనక్కిచ్చింది.

"అవ్వా, నేల వేరు, ఉండే అనుమతి వేరు. థాయ్ భార్య ఉంది కాబట్టి ఇతను ఇక్కడ ఉన్నాడు. ఆమె పోయిన రోజే ఆ అనుమతీ పోయింది. యాభై నిండి ఉంటే వేరే దారి ఉండేది. ఇతనికి నలభై నాలుగు. పిల్లలున్నారా?"

"లేరు. నేనున్నాను. నేను ఇతని తల్లిని. అలా రాసుకో."

"మీరు భార్య తల్లి అవ్వా."

"దత్తత తీసుకుంటాను. ఎక్కడ వేలిముద్ర వెయ్యాలో చూపించు."

పిల్ల నవ్వలేదు. ఆ పిల్ల కళ్ళే తడిశాయి. వారం గడువు ఇచ్చింది. ఆ తర్వాత చుట్టంలా వచ్చి ఒకటి రెండు నెలలు ఉండి పోవచ్చునంది, కాపురం ఉండాలంటే మాత్రం ఆరేళ్ళు ఆగి రమ్మంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదని ఊరికే అన్నారా?

ఇంతమంది తెల్లల్లుళ్ళను చూసిన ఊరికి ఈ సంగతి ఎందుకు తట్టలేదంటే, మిగతా వాళ్ళంతా నెరిసిన తలలతో పింఛను తింటూ వచ్చినవాళ్ళు. పెళ్ళాం పోయినా వయసు పేరు చెప్పుకుని దేశంలో ఉండగలిగారు, లేనిది నేలే. ఊరు ఎప్పుడూ నేల గురించే భయపడింది. బువాలోయ్ కూడా ఊరి మనిషే కదా, ఆ ఒక్క తలుపుకే గడియ పెట్టుకుంది.

ఈసారి కంచె దగ్గరికి వచ్చిన కేసోన్ వెక్కిరించలేదు. గొంతు తగ్గించి, "మీ చెల్లెలి కూతురు మాలై మొగుణ్ణి వదిలేసి ఒంటరిగానే ఉంది కదా. కాగితం మీద పెళ్ళి చేసెయ్. ఇక్కడే ఉంటాడు," అంది.

ఛీ అనాలి. అనలేదు. ఆ రాత్రంతా దొర్లి, పొద్దున్నే అల్లుడికి అన్నం పెట్టి, కూతురి పటానికి వీపు తిప్పి కూర్చుని అడిగింది. ఏ తల్లికీ అలాంటి మాట నోట రాకూడదు.

"మాలై మంచి పిల్ల నాయనా. ఊరికే కాగితానికే."

ఆర్నె చేతిలో ఉండ చేసిన అన్నం అలాగే ఉండిపోయింది.

"అమ్మా, ఆఫీసువాళ్ళు ఇంటికి వచ్చి చూస్తారు. మంచం మీద పక్కపక్కన కూర్చోబెట్టి ఫొటో తీస్తారు. ఆ మంచం మీద మాలైని కూర్చోబెట్టమంటావా?"

"వద్దు," అంది బువాలోయ్. వెంటనే అంది. అడిగినందుకు నోటి మీద కొట్టుకుంది. అల్లుడు ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు, ఇద్దరూ అన్నం ముందు కూర్చుని ఏడ్చారు.

"నార్వే పోతే చేపల పడవలో పని దొరుకుతుంది. ఆరేళ్ళేగా, వస్తాను," అన్నాడు ఆర్నె.

"నువ్వొస్తావు. నీ హక్కుకేం, నువ్వు బతికున్నంతకాలం అని రాశారు. నేను బతికున్నంతకాలం అని ఎవరూ రాయలేదు కదా నాయనా."



వెళ్ళే పొద్దున చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చారు. అరటాకు దొప్పల గోపురం మధ్యలో పెట్టి, చుట్టూ కూర్చుని, అల్లుడి మణికట్టుకు తెల్లదారాలు కట్టారు. మనిషిలో ముప్పై రెండు ప్రాణాలుంటాయని అక్కడి వాళ్ళ నమ్మకం. మనసు చెదిరితే అవి ఒంట్లోంచి జారి, ఇష్టమైన చోట ఆగిపోతాయట. అవి లేని మనిషి దూరదేశంలో చిక్కి చిక్కి పోతాడట. అందుకే పెద్దలు వాటిని పేరుపేరునా పిలిచి ఒంట్లో కట్టేస్తారు. కేసోన్ కట్టింది, మాలై కట్టింది, బ్యాంకాక్ నుంచి వచ్చిన థవోన్ కూడా తల వంచుకుని కట్టాడు.

ఆఖరున బువాలోయ్ వంతు. ఆమె దారం పట్టుకుని ఎంతసేపటికీ ముడి వెయ్యలేదు. ఒక్కటంటే ఒక్క ప్రాణాన్ని ఇక్కడ ఆపుకోవాలని ఆమెకు ఎంత ఆశగా ఉందో చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరికీ అర్థమైంది. ఎవరూ తొందర పెట్టలేదు.

చివరికి ముడి బిగించి, కూరమడి వైపు తిరిగి, ఇంటి మెట్ల వైపు తిరిగి అతని ప్రాణాలను పిలిచింది.

"మడి దగ్గర ఉన్నదానివి రా. వంటింట్లో ఉన్నదానివి రా. చాప మీద నా పక్కన కూర్చున్నదానివి, నువ్వూ లే. ఇతనితో పోండి. అన్నీ పోండి. పికున్, అమ్మా, నువ్వు కూడా ఇతని చెయ్యి వదిలెయ్యమ్మా. చలిదేశం, సగం మనిషై పోతే బతకలేడు."