మరిది పడిపోయిన ఏడాది

అక్కకు కళ్లజోళ్ల దుకాణంలో ఉద్యోగం. వచ్చినవాళ్లను అక్షరాల పలక ముందు కూర్చోబెట్టి, అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని పదిహేనేళ్లుగా అడుగుతోంది. రెండు గదుల ఇల్లు, నెమ్మదస్తుడైన భర్త, చదువుకునే కూతురు. చెల్లెలు ఊరి చివర విశాలమైన కొత్త ఇంట్లో దిగేదాకా లోటన్న మాట ఆమె నోట రాలేదు. ఆ ఇల్లు చూసి వచ్చిన సాయంత్రం తన వంటగదిలో గోడకు మోచెయ్యి తగిలితే గోడనే తిట్టింది.

"మనింటికేం తక్కువే?" అన్నాడు భర్త.

"తక్కువని నేనన్నానా?" గయ్యిమంది.

అప్పటినుంచి చెల్లెలింటికి ఏడాదికి రెండుసార్లు, మొక్కుబడిగా వెళ్లేది. వెళ్లొచ్చాక వారం రోజులు ఇంట్లో అందరికీ చీవాట్లే.

నిరుడు వానాకాలంలో మరిది, అదే చెల్లెలి భర్త, స్నానాలగదిలో కుప్పకూలాడు. మెదడులో నరం చిట్లిందన్నారు. ప్రాణం దక్కింది గానీ కుడిపక్క చచ్చుబడింది, మాట పోయింది. ఎదుటివాళ్లను నవ్వించందే వదలని మనిషి, మంచంలో పడి కిటికీ వైపు చూస్తుంటాడు.

అక్క ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. రోజూ దుకాణం నుంచి నేరుగా వెళ్లి మరిది దుప్పట్లు మార్చి, చెంచాతో పాలు పట్టి, మూతి తుడిచి వచ్చేది.

ఒకరోజు భర్త అన్నాడు, "అంత చాకిరీ చేస్తున్నా ఈమధ్య నీ ముఖంలో కళ వచ్చిందే. మునుపటిలా కసురుకోవడం లేదు."

అక్క చేతిలో గిన్నె పక్కన పెట్టింది. నిజమే. పడుకోగానే నిద్ర పడుతోంది. వంటగది ఇరుగ్గా తోచడం మానేసి నెలలైంది. ఎప్పటినుంచా అని వెనక్కి వెళ్తే, మరిది పడిపోయిన వారం దగ్గర ఆగింది.

మర్నాడు వెళ్లలేదు. ఆ తర్వాతా వెళ్లలేదు. దుకాణంలో పనితో ఊపిరాడటం లేదని చెల్లెలికి ఫోన్‌లో చెప్పింది. నాలుగోరోజు చెల్లెలే దుకాణానికి వచ్చింది, రేగిన జుట్టుతో, నడుం పట్టుకుని.

"ఎందుకు రావట్లేదక్కా?"

"పని ఎక్కువై..."

"మేం బాగున్నప్పుడు వస్తే, ఎప్పుడు లేచిపోదామా అని గడియారం చూసేదానివి. ఇప్పుడేమో కూనిరాగాలు తీస్తూ మా గిన్నెలు తోముతున్నావ్. నాకేం కళ్లు లేవా?"

అక్క తల వాలిపోయింది. "నేను కావాలని కాదే, నీ మీదొట్టు..."

"ఏం చెప్పకు." చెల్లెలి గొంతులో కోపం కూడా లేదు. "లోపల ఏమన్నా అనుకో. సంతోషపడితే పడు. కానీ రా. ఆయన్ని మంచం మీంచి కుర్చీలోకి ఎత్తడం నా ఒక్కదానివల్ల కావట్లేదు. నిన్న జారవిడిచాను."

ఆ సాయంత్రం అక్క వెళ్లింది. మరిది నుదుట చీలిన చర్మం మీద రక్తం ఎండి ఉంది. ఇద్దరూ చెరోవైపు చంకల కింద చేతులు వేసి లేపారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఇప్పటికీ రోజూ వెళ్తోంది. చెల్లెలు తలుపు తీసి పక్కకు జరుగుతుంది. "పట్టుకో" అంటుంది, "వదులు" అంటుంది. వాళ్ల మధ్య మరో మాట ఉండదు.