తప్పుల్లేని మెయిలు

కొత్తమ్మాయి వచ్చి మూడేళ్లయినా ఎర్రపెన్ను మేడానికి ఆమె ఇంకా కొత్తమ్మాయే. ఇరవై రెండేళ్లుగా ఆ స్కూల్లో భాషా పాఠాలు చెబుతూ, పిల్లల వ్యాసాల్లోనే కాదు, హెడ్‌మాస్టరు పంపే సర్క్యులర్లలో కూడా తప్పులు దిద్దే మనిషికి పిల్లలు పెట్టిన పేరు ఎర్రపెన్ను. ఆ పేరంటే మేడానికి లోలోపల ముద్దే. కంప్యూటర్ టీచరుగా చేరిన ఆ పిల్లకి మాత్రం ఇంతవరకూ ఎవరూ వెక్కిరింత పేరు పెట్టలేదు. మేడానికి అదీ ఓ మంటే.

ఒకప్పుడు స్టాఫ్ రూములో ఎవరికే సందేహం వచ్చినా "మేడం, ఈ మాట ఎలా రాయాలి?" అంటూ ఈమె బల్ల దగ్గరికే వచ్చేవాళ్లు. ఇప్పుడంతా ఆ పిల్ల చుట్టూ మూగుతున్నారు. లెక్కల మాస్టారైతే నెలకో ఏఐ యాప్ నేర్చుకుని పసివాడిలా మురిసిపోతున్నాడు. "నిన్నగాక మొన్న వచ్చింది, అప్పుడే అందరికీ పాఠాలు చెప్పేస్తోంది!" అని మేడం రోజుకి నాలుగుసార్లయినా అనుకునేది. పైకంటే బాగుండదు కాబట్టి మింగేసేది.

ఆమెకి మిగిలిన పెద్దరికం ఒక్కటే, పరీక్షల ఇన్‌చార్జి పని. పదిహేనేళ్లుగా ప్రశ్నపత్రాలన్నీ ఆమె చేతిలోనే ఉన్నాయి. బీరువా పోయి కంప్యూటర్ వచ్చాక ఆమె అకౌంటులో ఉంటున్నాయి. సోమవారం నుంచి పదో తరగతికి స్కూల్లో పెట్టే ప్రీఫైనల్ పరీక్షలు, నూట నలభై మంది పిల్లలు. ఆ పని మాత్రం ఎవరికీ వదిలేది లేదని ఆమె పట్టుదల.

శుక్రవారం మధ్యాహ్నం కొత్తమ్మాయి టీచర్లందరికీ ఏఐ గురించి, సైబర్ జాగ్రత్తల గురించి శిక్షణ ఇస్తుందని గోడమీద నోటీసు పెట్టారు. అందులో "జాగ్రత్త"కి తావత్తు లేదు. మేడం అటూ ఇటూ చూసి, ఎర్రపెన్నుతో వత్తు పెట్టి, కాస్త స్థిమితపడింది.

ఆ శుక్రవారం పొద్దున్నే ఆమెకో మెయిలు వచ్చింది. "ఉత్తమ ఉపాధ్యాయుల జాబితా సిద్ధమైంది. మీ పాఠశాలలో ఎవరికెన్ని మార్కులు వచ్చాయో ఇక్కడ చూడండి."

మేడం అమాయకురాలేం కాదు. దొంగ మెయిళ్లలో తప్పులుంటాయని ఎప్పుడో విని ఉంది. కళ్లజోడు సవరించుకుని పైనుంచి కిందిదాకా వెతికింది. ఒక్క దీర్ఘం తప్పలేదు, ఒక్క వత్తు జారలేదు, కామాలు కూడా ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఇంత శుభ్రంగా రాసేవాళ్లు దొంగలెలా అవుతారు? ఆమెకి ముచ్చటేసింది. నిజం చెప్పాలంటే తన మార్కులు చూసుకోవాలన్న ఆరాటం కూడా కాదు. ఆ పిల్లకెన్ని వచ్చాయో చూడాలి, అంతే.

నొక్కింది. పాస్‌వర్డ్ అడిగింది. కొట్టింది. మూడు నెలల కిందట అందర్నీ పాస్‌వర్డ్ మార్చుకోమని కొత్తమ్మాయే వెంటపడినప్పుడు, ఒళ్లు మండి పెట్టుకున్న పాస్‌వర్డ్ అది. కొట్టినప్పుడల్లా ఆమెకి అదో తృప్తి. తెల్ల పేజీ ఒకటి వచ్చి ఊరుకుంది. నెట్ బాగోలేదేమో అనుకుని క్లాసుకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం శిక్షణలో కొత్తమ్మాయి ఏఐని ఒక ముక్క అడిగింది. తెరమీద పది సెకన్లలో మెయిలు తయారైంది. అవార్డులు, జాబితా, "ఇక్కడ చూడండి". ఒక్క తప్పు లేదు.

"ఇదివరకు తప్పుల్ని బట్టి దొంగ మెయిల్ని పట్టుకునేవాళ్లం. ఇప్పుడు దొంగకి భాష రావాల్సిన పనే లేదు, ఏఐ రాసిపెడుతుంది. మనమేమో ఎవరు పంపారో చూడాలి. పాస్‌వర్డ్ అడిగిందా, అక్కడే ఆగిపోవాలి. ఈ వారం కొన్ని స్కూళ్లకి ఇలాంటివి వచ్చాయట. మనలో ఎవరికైనా వచ్చిందా?"

ఎవరూ చెయ్యెత్తలేదు. మేడానికి పొద్దుటి తెల్ల పేజీ గుర్తొచ్చింది. చెబితే ఇన్‌చార్జి పని పోతుంది, పోయి సరాసరి ఆ పిల్ల ఒళ్లోనే పడుతుంది. చెప్పకపోతే సోమవారానికి పేపర్లు ఊరంతా తిరుగుతాయి, పిల్లలు మళ్లీ రాయాలి. ఆ రెండోది ఆమె వల్ల కాలేదు. కళ్లజోడు బల్లమీదే వదిలేసి లేచి వెళ్లి, కొత్తమ్మాయి చెవిలో "ఒక్కసారి ల్యాబ్‌కి రా" అంది.

విన్నాక ఆ పిల్ల తప్పు వేలెత్తి చూపలేదు. "ముందు పాస్‌వర్డ్ మార్చేద్దాం మేడం. పాతది మీరే కొట్టండి, నేను చూడను" అని మొహం అటు తిప్పుకుంది. ఆ మంచితనం మేడాన్ని ఇంకా మండించింది.

మేడం కొట్టింది. తప్పంది కంప్యూటర్. మళ్లీ కొట్టింది. మళ్లీ తప్పే.

"ఇంకోసారి తప్పు కొడితే లాక్ అయిపోతుంది మేడం. దొంగ లోపల, మనం బయట. ఈసారి కొట్టి, ఎంటర్ నొక్కకుండా ఆగండి. పక్కన కన్ను బొమ్మ ఉంటుంది, అది నొక్కితే అక్షరాలు కనిపిస్తాయి."

కన్ను నొక్కింది. అక్షరాలు అలికేసినట్టున్నాయి. కళ్లజోడు లేదు. తెచ్చుకునేలోపు ఏమవుతుందో తెలీదు. మేడం ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

"నువ్వే చదువమ్మా."

ఆ పిల్ల వంగి చూసింది. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు. పెదాలు కదిలాయి. "నిన్నగాకమొన్నవచ్చింది." మేడానికి తల కొట్టేసినట్టయింది.

కొత్తమ్మాయి తెరనే చూస్తూ మెల్లగా అంది. "మొన్నలో ఒక ఎన్ తగ్గింది మేడం."

ఇరవై రెండేళ్లలో మేడం స్పెల్లింగ్ దిద్దిన మొదటి మనిషి ఆమె. మేడం ఎన్ పెట్టింది. అకౌంటు తెరుచుకుంది, వెంటనే పాస్‌వర్డ్ మార్చేశారు. పదకొండున్నరకి ఎవరో లోపలికొచ్చిన గుర్తుంది. పేపర్లు తెరిచారో లేదో తేలలేదు. కొత్త పేపర్లు చెయ్యక తప్పదు, శని ఆదివారాలు రెండూ ఖర్చయిపోతాయి.

"నేనూ వస్తాను మేడం. మీరు చెప్పండి, నేను టైపు చేస్తాను" అంది ఆ పిల్ల.

ఆ సాయంత్రం మేడం కళ్లజోడు పెట్టుకుని హెడ్‌మాస్టరుకి కాయితమ్మీద ఉత్తరం రాసింది. మెయిలు తనే నొక్కినట్టు రాసింది, ఎందుకు నొక్కిందో కూడా రాసింది. ఇన్‌చార్జి పని ఎవరికివ్వాలో ఆయన ఇష్టానికే వదిలేసింది. కడుపులో మంట చల్లారిందా అంటే లేదు. ఆ పిల్లకి కంప్యూటరూ వచ్చు, పైగా ఓర్పూ వచ్చు, ఇది మరీ అన్యాయమని ఆమెకి ఇప్పటికీ అనిపిస్తూనే ఉంది.

ఆఖరి వాక్యం రాసి అలవాటుగా మొదటినుంచీ చదువుకుంది. "నిన్నగాక మొన్న వచ్చిన కంప్యూటర్ టీచరు సాయంతో అకౌంటు కాపాడుకోగలిగాను" అన్నచోట చూపు ఆగింది. ఎర్రపెన్ను తీసి మొదటి మూడు మాటలూ కొట్టేసింది. పైన "మూడేళ్లుగా పనిచేస్తున్న" అని రాసి, ఉత్తరం మడిచి, హెడ్‌మాస్టరు గదివైపు నడిచింది.