ఎడమ తలుపు అద్దం

కారు తలుపుకు వేసిన రంగు ఆరిపోయింది. గీత ఎక్కడ పడిందో, సొట్ట ఎంత లోతుకు పోయిందో వెతికినా కనిపించడం లేదు. మనోరమ వేలి కొసతో ఒకసారి తాకి, చెయ్యి వెంటనే వెనక్కి తీసుకుంది.

"ముట్టుకో అక్కా, ఏం గాదు. మంచిగ ఎండింది," అన్నాడు పర్వతాలు.

షామీర్‌పేట దాటాక రోడ్డు పక్కన అతని రేకుల షెడ్డు. కార్ల సొట్టలు తీసి రంగులు వేస్తాడు. ఆ స్థలం మనోరమ భర్త రమేష్‌ది. లాల్‌గడి మలక్‌పేట్‌లో పొలాలున్న కుటుంబం. ఈమధ్య రమేష్ పొలం కంటే ప్లాట్ల పనిమీదే ఎక్కువ తిరుగుతున్నాడు.

పోయిన వారం మనోరమ కారు బయటికి తీస్తూ ఎడమవైపు తలుపును గేటు స్తంభానికి రాసింది. రమేష్ బయటికొచ్చి చూశాడు. అరవలేదు. అరిచి ఉంటే ఆమె కూడా నాలుగు మాటలు అనేది.

"బాగు చేపిద్దాం. ఇంకొక్కసారి నీ చేతుల దీనికి ఏమన్న అయిందనుకో, ఇగ స్టీరింగు ముట్టద్దు," అన్నాడు.

ఆ మాట ఆమెకు వారమంతా చెవిలోనే ఉంది. నలభై దాటాక నేర్చుకున్న డ్రైవింగ్ అది. అంతకుముందు మేడ్చల్‌లో గుడ్డలు కొనాలన్నా, కూతురు అశ్రిత స్కూల్లో టీచరు రమ్మన్నా, అత్తగారి మోకాళ్ళ నొప్పులకు ఆస్పత్రిలో కరెంటు పెట్టించాలన్నా, ముందు రమేష్‌ను అడగాలి. అతను ఎల్లుండి చూద్దామనేవాడు. ఆ ఎల్లుండి ఎప్పుడొస్తుందో అతనికీ తెలియదు. కారు నడపడం వచ్చాక ఆమె ఎవరినీ అడగడం లేదు. చెప్పి వెళ్తోంది, అంతే.

పర్వతాలు గోనెసంచి మీద తలుపు లోపలి ప్యాడ్ బోర్లా పెట్టాడు. దాని అంచుల చుట్టూ ఉండాల్సిన తెల్ల ప్లాస్టిక్ క్లిప్పులు సగానికి సగం విరిగి ఉన్నాయి.

"పాతగైనయి గదా, ఊడదీస్తాంటెనే ఇరిగినయి. రాణిగంజ్ పోతె కొత్తయి దొరుకుతయి. రేపు తెప్పిస్త."

"రేపా? రేపు పొద్దుగాల అత్తమ్మను మేడ్చల్ తీస్కపోవాలె. ఆయన రాత్రికి వస్తడు, వచ్చేసరికి బండి ఇంటికాడ ఉండాలె."

పర్వతాలు డబ్బాలో వెతికి వేరే బండివి నల్ల క్లిప్పులు తీశాడు. అవి పెట్టి ప్యాడ్ తలుపుకు నొక్కి, అరచేత్తో తట్టి చూశాడు. లొడలొడమంది.

"వద్దొద్దు," అంది మనోరమ. తలుపు రాసుకున్న దగ్గర్నుంచీ కారులో ఏ చిన్న చప్పుడైనా రమేష్ ఆమె వైపు తిరిగి "ఇనవడ్తాందా?" అంటున్నాడు. ఈ చప్పుడుతో బండిని ఇంటికి తీసుకుపోలేదు.

"అయితె స్క్రూలు ఎక్కియ్యాలె, క్లిప్పులొచ్చేదాంక," అంటూ పర్వతాలు చిన్న చిన్న స్క్రూలు నాలుగు ఏరి అరచేతిలో పెట్టి చూపించాడు.

"గివేం పట్టుకుంటయి? పెసరగింజలంత లేవు."

ఆమె డబ్బా దగ్గరికి లాక్కుని తానే వెతకడం మొదలుపెట్టింది. ఇంట్లో దేవుడి పటం తగిలించినా, పరదా కడ్డీ బిగించినా పొడుగు మేకే నిలుస్తుందని ఆమెకు అనుభవం. వేలి కణుపంత పొడుగున్నవి, తళతళలాడేవి ఏరి అతని ముందు పెట్టింది.

"గంత పొడుగువా?" అన్నాడు పర్వతాలు.

"ఏమైతది?"

అతను తల గోక్కున్నాడు. అవతల ఒక జీపు యజమాని రంగు చూపించమని పిలుస్తున్నాడు. "ఏం గాదు తియ్యి. లోపల ఖాళీనే ఉంటది," అన్నాడు.

స్క్రూలు సాఫీగా దిగాయి. చెయ్యి ఆన్చుకునే పిడి దగ్గర కూడా పొడుగువే వేశారు. తలుపు తీసే హ్యాండిల్ బయటి నుంచి, లోపలి నుంచి పర్వతాలు పదేపదే లాగి చూశాడు. తలుపు వేస్తే మెత్తగా ఒక్క చప్పుడు. అద్దం తిప్పే హ్యాండిల్ చివర్లో తగిలించాడు. అద్దం పైకే ఉంది. దాన్ని దించి చూడాలని ఇద్దరికీ తోచలేదు.

ఆ రాత్రి రమేష్ వచ్చి తలుపు తీసి వేశాడు. రంగు మీద చేత్తో నిమిరాడు. "మంచిగనే జేసిండు," అన్నాడు. మనోరమ తాళం చెవి తీసుకెళ్ళి ఫ్రిజ్ పక్కన మేకుకు తగిలించింది.

పొద్దున్నే అత్తగారు రుక్కమ్మ ఎడమవైపు సీట్లో కూర్చుంది. ఆమెకు కారు ప్రయాణమంటే రెండు ఉండాలి, నోట్లో ఆకువక్క, పక్కన తెరిచిన అద్దం. ఊరు దాటేదాకా కోడలికి ఊళ్ళో సంగతులు చెప్పింది. తర్వాత మాటలు తగ్గాయి. నోరు నిండింది. అద్దం తిప్పే హ్యాండిల్ పట్టుకుంది.

అద్దం నాలుగు వేళ్ళు దిగి టక్కుమని ఆగింది.

"ఊఁ," అంది రుక్కమ్మ.

"గట్టిగ తిప్పు అత్తమ్మా, కొత్తగ బిగించిండ్రు గదా."

రుక్కమ్మ రెండు చేతులతో తిప్పింది. తలుపు లోపల కర్రుమని చప్పుడైంది. అద్దం ఇంకొంచెం దిగింది, మళ్ళీ బిగుసుకుంది. "ఊఁ! ఊఁ!" అంటూ ఆమె కోడలి భుజం మీద కొట్టడం మొదలుపెట్టింది. మనోరమ కారు పక్కకు తీసి ఆపింది. రుక్కమ్మ తలుపు తీసుకుని వంగి, రోడ్డు పక్క తంగేడు చెట్ల మీద ఉమ్మేసి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"తలుపుకేమొ రంగేసిండు, నా నోటికేమొ తాళమేసిండు. ఏం పనివాడే వాడు!"

మనోరమ అటువైపు వెళ్ళి, మెల్లగా తిప్పుతూ అద్దం పైకి లేపింది. అద్దం అడుగున నిలువుగా సన్నటి తెల్ల గీత పడి ఉంది, సూదితో గీసినట్టు. ఆ గీత కింద ప్యాడ్ మీద తళతళలాడుతున్న స్క్రూ తల. తలుపు లోపల ఖాళీ ఎందుకుంటుందో ఆమెకు అప్పుడర్థమైంది. అద్దం దిగాల్సింది ఆ ఖాళీలోకే.

"ఏందట?" అంది రుక్కమ్మ.

"ఏం లేదు. ఎక్కు, డాక్టరు పోతడు."

మేడ్చల్ వెళ్ళి, కరెంటు పెట్టించుకుని ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది. దారిపొడుగునా రుక్కమ్మ ఉమ్మడానికి కారు ఆపించింది. ఆపినప్పుడల్లా పర్వతాలును ఏదో ఒకటి అంది.

రమేష్ వరండాలో ఉన్నాడు. తల్లి దిగడానికి చెయ్యి ఇస్తూ అద్దం చూశాడు.

"ఏందిది గీత?"

"అద్దం దిగుతలేదురా. స్క్రూలు అద్దానికే దిగ్గొట్టిండు నీ పర్వతాలు," అంది రుక్కమ్మ.

రమేష్ వంగి చూశాడు. హ్యాండిల్ తిప్పాడు. కర్రుమంది. "మన జాగల షెడ్డేస్కొని మనకే గిట్ల జేస్తడా? జాగ అమ్ముదామని బ్రోకర్ యాదయ్య ఎప్పటిసంది అడుగుతుండు. పాపమని ఆగిన. తిని పోయి జెప్తా, సామాన్లు తీస్కొమ్మని."

మనోరమను అతను ఒక్క మాట కూడా అనలేదు. ఆమె లోపలికి వచ్చింది. తాళం చెవి మేకుకు తగిలించింది. అది అక్కడే ఉండాలంటే ఆమె చేయాల్సిందేమీ లేదు. ఊరుకుంటే చాలు.

అన్నం వడ్డించింది. పప్పు వేసింది. రమేష్ ఫోన్ పళ్ళెం పక్కనే పెట్టుకుని తింటున్నాడు. రుక్కమ్మ గడప దగ్గర కాళ్ళు చాపుకుని మోకాళ్ళు ఒత్తుకుంటోంది. పర్వతాలు అరచేతిలో చూపించిన చిన్న స్క్రూలు మనోరమకు గుర్తొస్తున్నాయి. అతను తల గోక్కోవడం గుర్తొస్తోంది. చారు పోస్తూంటే గరిటె పళ్ళేనికి తగిలింది.

"ఆ స్క్రూలు నేనేరిన," అంది.

"ఏంది?"

"పొడుగువి. ఆయన చిన్నయే దీసిండు. నేనే వద్దన్న."

రమేష్ తల ఎత్తాడు. "స్క్రూల సంగతి నీకేమెరుక?"

"ఎరుక లేకనే గదా."

"నీకు లేకపోతె వానికుండాలె గద."

"ఉండె. గంత పొడుగువా అని అడిగిండు గూడ. ఏమైతదన్న. నాకు చప్పుడు రావద్దని తొందర. ఆయన్ని ఆడికెల్లి లేపకుండ్రి."

రమేష్ చారన్నం మెల్లగా తిన్నాడు. లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఫ్రిజ్ పక్కకు వెళ్ళి తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"నేను మొదలే జెప్పిన."

"చెప్పిండ్రు," అంది మనోరమ. పళ్ళెం తీసింది. కళ్ళలో నీళ్ళేమీ రాలేదు గానీ పళ్ళెం ఎక్కడ పెట్టాలో ఒక్క క్షణం తోచలేదు.

"మంచిగయింది," అంది రుక్కమ్మ గడప దగ్గర్నుంచి. "ఇగ దినం తప్పి దినం నువ్వే తీస్కపో నన్ను. ఆడ పేరు పిలిచేదాంక బయట బల్ల మీద కూసో. ఆడోళ్ళు బతుకమ్మకు వచ్చినట్టు వస్తరు ఆడికి, నీకు మస్తు పొద్దువోతది. నడుమ నడుమ నాకు ఆకు చుట్టియ్యాలె, మర్చిపోకు."

"నువ్వూకో అమ్మా."

"నేనేమన్న? బండి నీది, తాళం నీది. మోకాళ్ళే నాయి."

రమేష్ చెప్పులేసుకున్నాడు. మనోరమ చేతులు తుడుచుకుని, రమ్మనకపోయినా వెళ్ళి వెనక సీట్లో కూర్చుంది. గేటు స్తంభానికి అంటిన కారు నీలం రంగు మరక అలాగే ఉంది. దాటేటప్పుడు ఇద్దరూ దాన్ని చూశారు.

షెడ్డులో పర్వతాలు అద్దం తిప్పి చూసి నాలుక కరుచుకున్నాడు. "అరె! నాదే గల్తి అన్నా. దించి సూడాలె బిగించంగనే. తొందరల మర్చిన."

"నేను పొడుగువి ఇచ్చిన గదా," అంది మనోరమ.

"ఇస్తె మాత్రం! ఎయ్యడం నా పని."

"మీరిద్దరు పంచుకోండ్రి తియ్యి," అన్నాడు రమేష్ చిరాగ్గా. వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు.

రాణిగంజ్ నుంచి తెల్ల క్లిప్పులు వచ్చే ఉన్నాయి. పర్వతాలు పొడుగు స్క్రూలన్నీ విప్పాడు. వాటి రంధ్రాలు ప్యాడ్ మీద కొట్టొచ్చినట్టు కనిపించాయి. అంచుల చుట్టూ క్లిప్పులు ఒక్కొక్కటి టప్ టప్‌మని కూర్చున్నాయి. చెయ్యి ఆన్చుకునే పిడి మాత్రం మిగిలింది. దాన్ని పట్టుకుని తలుపు లాగుతారు, క్లిప్పు ఆగదు, స్క్రూయే కావాలి.

మనోరమ డబ్బా ముందు కూర్చుంది. ఒక స్క్రూ తీసి పిడి మందానికి ఆనించి చూసింది. పెద్దది. పక్కన పెట్టింది. ఇంకొకటి తీసింది. మొన కాస్త బయటికి వచ్చింది, రేకును పట్టుకునేంత.

"గిది?"

"సరిపోతది," అన్నాడు పర్వతాలు.

అతను అది బిగించగానే ఆమె అద్దం దించింది. పూర్తిగా దిగింది. మళ్ళీ లేపింది. రెండో స్క్రూ బిగించాక మళ్ళీ దించి, మళ్ళీ లేపింది. అక్కడితో ఆగక కుడివైపు తలుపు దగ్గరికి వెళ్ళి ఆ అద్దం కూడా దించి చూసింది.

"దానికేమైంది? దాన్నెవ్వరు ముట్టలే గదా," అన్నాడు రమేష్ స్టూలు మీద నుంచి.

"ఊకెనే సూస్తున్న."

రమేష్ కాసేపు ఆమెనే చూశాడు. ఇంతలో అతని ఫోన్ మోగింది. యాదయ్య.

"ఆఁ... లేదు లేదు, ఆ షెడ్డు జాగ ఇప్పుడు గాదు. వేరేది సూద్దాం... షామీర్‌పేటలనే ఉన్న," అని మాట్లాడుతూ లేచాడు. కారు చుట్టూ తిరిగి వచ్చాడు. ఎడమవైపు తలుపు తీసుకుని కూర్చున్నాడు. ఎండకు కారు లోపల కాలుతోంది. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, రెండో చేత్తో అద్దం దించాడు. తెల్ల గీత అద్దంతో పాటే తలుపులోకి దిగిపోయింది.

మనోరమ బయటే నిలబడి ఉంది. అతను ఆమె వైపు చూడకుండానే జేబులోంచి తాళం చెవి తీసి పక్క సీటు మీద పెట్టాడు. ఆమె వచ్చి అది తీసుకుని కూర్చుంది. సీటు ముందుకు జరుపుకుంది. వెనక వచ్చే బండ్లు కనిపించే చిన్న అద్దం తన ఎత్తుకు సరిచేసుకుంది.

రమేష్ ఫోన్‌ను అరచేత్తో మూశాడు.

"గేటు కాడ జర పైలం."

"ఎరుకనే," అంది మనోరమ, బండి తీస్తూ.