విడి కాగితాలు

అబద్ధం రాసింది మా అమ్మాయి. కింద సంతకం పెట్టింది నేను. కాబట్టి దొరికితే దొరికేది నేనే.

ఇరవై రెండేళ్ళు ఆసుపత్రి విచారణ కౌంటర్లో కూర్చుని "మూడో అంతస్తు, ఎడమవైపు, పదహారో నంబరు గది" అని చెప్పిన గొంతు నాది. కిందటేడు ఆ కౌంటర్ తీసేసి మెషిన్ పెట్టారు. మెషిన్‌లో ఎవరిదో గొంతు వస్తుంది. నా గొంతు కంటే బాగుందంటే నేను ఒప్పుకోను. ఇంట్లో పనీపాటా లేక గోడలతో మాట్లాడుకుంటున్న రోజుల్లో అమ్మాయి ఫోన్‌లో ఒక ప్రకటన చూపించింది. నవలలు చదివి రికార్డు చేసే స్టూడియోకి గొంతులు కావాలట. అనుభవం లేనివారు దరఖాస్తు చేయవద్దని కింద రాసి ఉంది.

"ఇదివరకు మూడు పుస్తకాలు రికార్డింగుకి చదివావని రాస్తున్నా," అంది అమ్మాయి.

"ఏ పుస్తకాలే?"

"అడిగితే చూసుకుందాంలే అమ్మా."

ఈ పిల్లలకి అన్నీ చూసుకుందాంలే. వెళ్ళి నిలబడాల్సింది నేను కదా! అయినా వద్దనలేదు. చిన్నప్పటి నుంచీ ఏ పుస్తకం దొరికినా పైకి చదివే పిచ్చి నాది. ఆ పిచ్చిని ఒక పనిగా చూసేవాళ్ళు ఉన్నారని నలభై ఎనిమిదో ఏట తెలిసింది. ఇది తప్పిపోతే ఇంకెవరూ పిలవరని కూడా తెలుసు.

పిలుపు వచ్చింది. ఒక నవల మొదటి అధ్యాయం పంపి, వచ్చి చదివి వినిపించమన్నారు. నచ్చితే పుస్తకమంతా నాదే. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. వెళ్ళే ముందు రోజు జిరాక్స్ షాపుకెళ్ళి ఆ పదహారు పేజీలకీ స్పైరల్ బైండింగ్ చేయించాను. పైన ప్లాస్టిక్ అట్ట, వెనక నల్ల అట్ట. దాన్ని చంకలో పెట్టుకుని అద్దం ముందు నిలబడి చూసుకున్నాను. మూడు పుస్తకాలు చదివిన మనిషిలాగే ఉన్నాను.

స్టూడియోలో ఇద్దరే ఉన్నారు. ఒకావిడ దర్శకురాలు, నాకంటే పదేళ్ళు చిన్నది, నవ్వు మొహం కాదు. ఇంకొకాయన రికార్డింగ్ చూసే మనిషి. ఆయన్ని అక్కడ అందరూ 'చెవి' అనే పిలుస్తారట. ఆయనే నన్ను ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, తలుపు వేసి వెళ్ళాడు. బీరువా తలుపంత మందం ఉంది ఆ తలుపు. అది మూసుకోగానే లోకంలో చప్పుడన్నది లేకుండా పోయింది. నా గుండె కొట్టుకోవడం నాకే వినిపిస్తోంది. ఎదురుగా పెద్ద అద్దం, అద్దం అవతల వాళ్ళిద్దరూ.

"మొదలుపెట్టండమ్మా," అన్నాడు చెవి, హెడ్‌ఫోన్లలోంచి.

భర్త కోసం గుమ్మంలో ఎదురుచూసే ఆడమనిషి కథ అది. నాలుగు వాక్యాలు చదివానో లేదో, చెవి ఆపేశాడు.

"మీ కడుపు అరుస్తోందమ్మా. మైకులో పడుతోంది. పొద్దున ఏమీ తినలేదా?"

సిగ్గుతో చచ్చిపోయాను. బయట నుంచి రెండు బిస్కెట్లు తెచ్చిచ్చాడు. అవి గొంతు దిగడానికి గ్లాసెడు నీళ్ళు పట్టాయి. మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఈసారి పేజీ చివరిదాకా వచ్చి, హమ్మయ్య అనుకుని పేజీ తిప్పాను.

కరకరమంది. హెడ్‌ఫోన్లలో ఎవరో ఇనుప మంచాన్ని ఈడ్చినట్టు వినిపించింది.

చెవి లోపలికొచ్చాడు. స్పైరల్ వంక చూశాడు, నా వంక చూశాడు.

"దీన్ని బైండ్ చేయించారా?"

"అవునండీ. నీట్‌గా ఉంటుందని."

"విడి కాగితాలు కదమ్మా తెచ్చుకునేది? రెండేసి పక్కన పెట్టుకుని, చదివాక చప్పుడు కాకుండా జరిపేస్తారు. ఈ పనిలో మొదటి రోజు నేర్పేదే అది. ఇదివరకు ఎక్కడ చదివారు?"

"అక్కడ... వేరేగా ఉండేదండీ," అన్నాను.

ఆయన వెళ్ళి తలుపు వేశాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అద్దం అవతల ఆయన ఆవిడ వైపు వంగి ఏదో చెప్తున్నాడు. ఆవిడ నా దరఖాస్తు తీసింది. పెదవులు కదులుతున్నాయి, ఒక్క ముక్క వినబడదు. ఆసుపత్రిలో నేను ఫోన్‌లో వాకబు చేస్తుంటే, అద్దం అవతల నిలబడ్డ రోగుల తాలూకువాళ్ళు నా పెదవుల వంక ఇలాగే చూసేవాళ్ళు. కంగారు పడకండి, వెళ్ళి కూర్చోండి అని విసుక్కునేదాన్ని. ఎంత తప్పు చేశానో అప్పుడు తెలిసింది.

ఆవిడ బటన్ నొక్కింది. "మీరు చదివిన మూడు పుస్తకాల పేర్లు చెప్తారా?"

చూసుకుందాంలే అన్న పిల్ల కాలేజీలో హాయిగా ఉంది. నేను ఇక్కడ అడ్డంగా దొరికిపోయాను. ఏవో మూడు పేర్లు కల్పించి చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా.

"ఒక్కటీ చదవలేదండీ."

"మరి ఎందుకు రాశారు?"

"అనుభవం లేనివాళ్ళు రావద్దని మీరే వేశారు కదండీ."

"అది నేను వెయ్యలేదు. ఆఫీసువాళ్ళు వేశారు." ఆవిడ దరఖాస్తు పక్కన పెట్టింది. "ఇందాక మీరు చదువుతుంటే, ఆ ఆడమనిషి ఎవరో మీకసలు పట్టనట్టుంది. ఎక్కడ పని చేశారు?"

చెప్పాను. కబురు ఏదైనా గొంతు వణక్కూడదని అక్కడ మాకు మొదటి రోజే చెప్పారని కూడా చెప్పాను.

"ఇక్కడెవరూ అలా చెప్పరు," అంది ఆవిడ.

చెవి వచ్చి ఆ స్పైరల్ తీగని చివరి నుంచి తిప్పుతూ బయటికి లాగేశాడు. కాగితాలు విడివిడిగా నా ముందు పరిచాడు. చదవడం మొదలుపెట్టాను. దాచుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. గొంతు వణికింది, ఒకచోట పూర్తిగా ఆగిపోయింది. ఇప్పుడు ఆపేస్తారు అనుకున్నాను. ఆపలేదు. ఈ పేజీ అయ్యాక ఆపుతారు అనుకున్నాను. అప్పుడూ ఆపలేదు. ఎప్పుడు ఆపుతారో తెలియని భయంతోనే పదహారు పేజీలూ అయిపోయాయి.

"నాలుగో పేజీలో రెండు మాటలు మింగేశారు," అంది దర్శకురాలు. "తొమ్మిదో పేజీలో ఒక వాక్యం వదిలేశారు. అవి రేపు పదింటికి వచ్చి సరిచేసి, రెండో అధ్యాయం మొదలుపెట్టండి."

రేపు అన్న మాట నా బుర్రకెక్కేసరికి వీధిలోకి వచ్చేశాను. మనసు తేలికపడుతుందనుకున్నాను, పడలేదు. పక్కనున్న ఏదో షాపు మెట్టు మీద కూలబడి అమ్మాయికి ఫోన్ చేశాను.

"దొరికిపోయావా?" అంది.

"దొరికిపోయానే."

"అయ్యో! అయితే పోయినట్టేనా?"

"రేపు రమ్మన్నారు. పుస్తకం నాకే ఇచ్చారు."

అమ్మాయి కేక పెట్టింది. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. పొద్దుటి నుంచీ పోతే అబద్ధమే కదా పోయేది అని ఎక్కడో ఒక ధైర్యం ఉండేది. ఇప్పుడది లేదు. ఇక బాగాలేదన్నారంటే, నేను చదవడమే బాగాలేదని అర్థం.

"మరి ఏడుస్తావేంటమ్మా?"

"ఇప్పుడు నిజంగా చదవాలే," అన్నాను.