రెండు సాంచెల నడిమి గల్లీ

సుశీలాబాయి రెండోసారి పొట్ట ఆపరేషన్ చేయించుకున్నది అందం కోసం కాదు. డాక్టరుతో మాత్రం షుగరు అనీ, మోకాళ్లనీ చెప్పింది. అవి అబద్ధాలేం కావు. కానీ కడుపులో ఉన్న అసలు సంగతి వేరు. దసరా పళ్లెం తిరిగి తన చేతికి రావాలి.

భివండీలోని నాగావ్‌లో వాళ్ల కార్ఖానా కింద, ఇల్లు పైన. మరమగ్గాన్ని అక్కడి తెలుగువాళ్లు సాంచె అంటారు. దసరా పొద్దున సాంచెలన్నీ ఆపి, జిడ్డు తుడిచి, బంతిపూలు కడతారు. అప్పుడు ఇంటి పెద్దకోడలు పళ్లెం పట్టుకుని లోపలికి పోయి, ఒక్కో సాంచెకూ పసుపు కుంకుమ పెట్టి రావాలి. ఇది అత్త కనకవ్వ సిరిసిల్ల పక్క ఊరినుంచి ఆ ఇత్తడి పళ్లెంతోపాటు మూటగట్టుకొచ్చిన ఆచారం. ఆమెతో ఏ విషయంలోనైనా వాదించొచ్చు గానీ, ఈ విషయంలో నోరెత్తితే ఆ పూట ఇంట్లో పొయ్యి రాజుకోదు.

సాంచెల వరసల మధ్య నేసేవాళ్లు తిరగడానికి వదిలిన సందు పేరు గల్లీ. ఆ గల్లీలోంచి పోతేనే అవతలి గోడవైపు సాంచెలకు చేయి అందుతుంది. పెళ్లయిన కొత్తలో సుశీల ఆ గల్లీలో కొత్తచీర గరగరలాడించుకుంటూ తిరిగేది. ఇద్దరు పిల్లలు పుట్టాక ఒళ్లు రావడం మొదలైంది, వచ్చింది వచ్చినట్టే ఉండిపోయింది. తిండి ఎక్కువని ఊరంతా అన్నారు. ఆమె ఏం తింటుందో చూసినవాళ్లు ఎవరూ లేరు, అయినా అన్నారు. అంత ఒంటితో కూడా ప్రతి దసరాకూ పొట్ట లోపలికి బిగబట్టుకుని ఎలాగో పోయి వచ్చేది.

ఐదేళ్ల కిందట మొదటి ఆపరేషన్ చేయించుకుంది. పొట్ట పైభాగానికి ఒక పట్టీ బిగించారు. దసరాకు రెండు నెలల ముందు సంగతి అది. బరువు కొంత తగ్గింది, జాకెట్లు వదులయ్యాయి. ఈసారి గల్లీలో దర్జాగా నడుస్తానని ఇంటింటికీ చెప్పుకుంది కూడా. తీరా దసరా నాడు సగం దూరం పోయిందో లేదో ఇరుక్కుపోయింది. ముందుకు పోలేదు, వెనక్కి రాలేదు. నేసేవాళ్ల పెళ్లాలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆమె మొగుడు విఠల్ చేయి పట్టి వెనక్కి లాగాడు. కనకవ్వ పళ్లెం తీసుకుని చిన్నకోడలు పూనం చేతిలో పెట్టింది.

అదిగో, ఆ రోజే సుశీల మనసు విరిగింది. దవాఖానా కాంటా తగ్గానని చెప్తే చెప్పనీ, గల్లీ అబద్ధం చెప్పదు కదా అనుకుంది. ఎంత చేసినా తన ఒళ్లు తగ్గదని తేల్చుకుంది. పట్టీ బిగించిన పొట్టలోకి రొట్టె దిగదు, అన్నం దిగదు గానీ ఐస్‌క్రీము జారిపోతుంది, రబ్డీ జారిపోతుంది. అవే తింది. ఏడ్చుకుంటూ తింది. పోయిన బరువు వడ్డీతో సహా తిరిగొచ్చింది, పైగా పట్టీ జారి ఏది తిన్నా వాంతులయ్యేవి.

పళ్లెం మాత్రం పూనం చేతిలోనే ఉండిపోయింది. పూనం సన్నగా రివటలా ఉంటుంది. ప్రతి దసరాకూ గల్లీలోంచి బయటికి వచ్చేసరికి ఆ పిల్ల కొత్తచీరకు అటూ ఇటూ నల్లటి జిడ్డు మరకలు. కనకవ్వ ఆమెను తిప్పి తిప్పి చూసి, నడవడం కూడా రాదా అని తిట్టేది. తోడికోడలు, తన యారాలు తింటున్న ఆ తిట్లను చూసి సుశీలకు కడుపు మండేది. ఆ తిట్లయినా తనకు దక్కకపోయాయే అని.

అందుకని ఈ ఏడు మార్చిలో, ఠాణేలో మంచి డాక్టరున్నాడంటే పోయి, పట్టీ తీయించి పొట్టకు బైపాస్ చేయించుకుంది. డాక్టరు ముందే విప్పి చెప్పాడు. ఇది రెండోసారి, లోపల పాత మచ్చలున్నాయి, మొదటిసారే బైపాస్ చేయించుకున్నవాళ్లు తగ్గినంత నువ్వు తగ్గవు, నిదానంగా తగ్గుతావు, ఒకచోట ఆగిపోతావు, షుగరూ మోకాళ్లూ దారికొస్తే అదే మన గెలుపు అన్నాడు. సుశీల తలూపింది. డాక్టర్లు ముందు తక్కువ చెప్పి తర్వాత ఎక్కువ చేసి చూపిస్తారులే అనుకుంది. మనిషికి వినాలనుకున్నదే వినపడుతుంది, ఆమెను అని ఏం లాభం?

అదే వారంలో ఆ దవాఖానాలోనే దీపాలి అనే ఆమెకు మొదటిసారి ఆపరేషన్ అయింది. చెకప్‌కు పోయినప్పుడల్లా ఇద్దరూ కలిసేవారు. వానాకాలం వచ్చేసరికి దీపాలి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి, మెడ ఎముకలు పైకి తేలాయి. సుశీల గాజులు ఎక్కడివక్కడే ఉన్నాయి. మెట్లు ఆగకుండా ఎక్కుతోంది, షుగరు గోలీ ఒకటి మానేశారు, వాంతులు పోయాయి. అవేవీ ఆమె లెక్కలోకి రాలేదు. ఇంటి చుట్టుపక్కలవాళ్లు వచ్చి కిందినుంచి పైదాకా చూసి, ఇంకా తగ్గలేదేం అని అడిగి, చాయ్ తాగి పోయేవారు.

గణపతి నిమజ్జనం అయ్యాక ఒకరోజు కనకవ్వ వక్క కొరుకుతూ మాట అన్నది. కోపంగా కూడా అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

"ఈ దసరకు గూడ నీతోని కాకుంటే, పళ్లెం పూనంకే ఇచ్చేద్దాం బిడ్డా. ఏటేటా నీకు మనాది ఎందుకు?"

శుక్రవారం భివండీలో కరెంటు బందు, సాంచెలకు సెలవు. నేసేవాళ్లు లేని వేళ చూసి సుశీల కిందికి దిగింది. ఐదేళ్లలో ఆమె గడప దాటి కార్ఖానాలోకి రావడం అదే మొదలు. చీర బిగించి, ఊపిరి బిగబట్టి గల్లీలోకి అడుగు పెట్టింది. నాలుగు అడుగులు పోయేసరికి ఒకవైపు పోగును మోసే నాడె ఆడే పెట్టె, మరోవైపు బట్ట చుట్టుకునే రూలూ నడుముకు పట్టేశాయి. మళ్లీ అదే చోట. ఎవరూ చూడకపోయినా సిగ్గుతో చచ్చిపోయింది.

ఆ రోజునుంచి తినడం మానేసింది. డాక్టరు రాసిన పౌడరు లేదు, గోలీలు లేవు, పూటకో గ్లాసు మజ్జిగ. అడిగితే తిన్నానని చెప్పేది. పండుగకు పది రోజులుందనగా మెట్లమీద కళ్లు తిరిగి పడింది. పూనం కింద నీళ్లు నింపుకుంటూ ఉండబట్టి పట్టుకుంది, లేకపోతే తల పగిలేది.

ఠాణే డాక్టరు రక్తపరీక్షలు చూసి విఠల్‌మీద విరుచుకుపడ్డాడు. రెండో ఆపరేషన్‌కు ఎంత తగ్గాలో అంత తగ్గింది, ఇంకా ఎక్కువే తగ్గింది, ఈమెను ఆకలితో చంపుతున్నది ఎవరు అని అడిగాడు. డాక్టరు సుశీల వైపు తిరిగి, తగ్గలేదని నీకు ఎవరు చెప్పారని అడిగాడు. ఆమె తల దించుకుని, మా కార్ఖానా గల్లీ చెప్పింది అన్నది. డాక్టరుకు ఏం అర్థం కాలేదు. విఠల్ మాత్రం కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు.

తిరుగుదారిలో కాశేలి దగ్గర ట్రక్కుల మధ్య ఆటో రిక్షా ఎంతసేపు ఆగిందో అంతసేపూ అతను రోడ్డు వంకే చూస్తూ కూర్చున్నాడు. ట్రాఫిక్‌ను తిట్టకుండా విఠల్ కూర్చోవడం ఆమె ఇన్నేళ్ల కాపురంలో చూడలేదు. ఈయన ఏదో దాస్తున్నాడని ఆమెకు రిక్షాలోనే తట్టింది.

ఆ శుక్రవారం మళ్లీ దిగింది. ఈసారి ఇరుక్కోవడానికి కాదు. గల్లీ మొదట్లో నేలమీద చతికిలబడి చూసింది. సాంచెల కాళ్ల వెనక, అటు ఒక జానెడు, ఇటు ఒక జానెడు దూరంలో, సిమెంటు పూసిన పాత బోల్టు గుంతలు వరసగా కనిపించాయి. సాంచెల కాళ్లు ఒకప్పుడు అక్కడ ఉండేవి, గల్లీ అప్పుడు అంత వెడల్పు. సుశీల చేతివేళ్లతో ఆ సిమెంటును తడిమింది. పూనం చీర గుర్తుకొచ్చింది. రివటలాంటి పిల్లకు రెండువైపులా మరకలెందుకు అంటాయని ఇంట్లో ఒక్కరైనా అడిగారా?

విఠల్‌ను పిలిచింది. అతను వచ్చి ఆమె కూర్చున్న చోటు చూసి, గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

"ఇవి ఎప్పుడు జరిపినవ్?"

"నువ్వు మొదటి ఆపరేషన్‌కు దవాఖానల ఉన్నప్పుడు. పక్కోళ్ల కార్ఖానా బందైతే రెండు సాంచెలు తెచ్చిన గదా. వాటికి జాగ చేసిన."

రెండు సాంచెలు వచ్చాయని ఆమెకూ తెలుసు. అవి ఎక్కడ పట్టాయో ఏనాడూ అడగలేదు.

"ఆ దసరకే నేను ఇరుక్కున్న. గప్పుడన్న చెప్పకపోతివి."

"చెప్దామనుకున్న సుశీలా. అందరు నీ ఒళ్లే అన్నరు. నువ్వు గూడ గట్లనే అన్నవు. పోను పోను నాకు గూడ గదే నిజమనిపించింది."

ఆమెకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఐదేళ్లు. తిన్న ఐస్‌క్రీములు, కోయించుకున్న పొట్ట, మొన్న మెట్లమీద పడిపోవడం అన్నీ కళ్లముందు తిరిగాయి. ఆ మనిషిని అక్కడే నాలుగు దులిపేద్దామనుకుంది. కానీ గోడకు ఆనుకున్న అతని మొహం చూస్తే, ఆ పని అతనే చేసుకుంటున్నాడని తెలిసింది.

"నేను ఇంక తగ్గ," అన్నది. "డాక్టర్ ముందే చెప్పిండు, నేనే ఇనలే. ఇగ జరగవలసింది సాంచెలే."

"యాడికి జరపాలె? జాగేది?"

"నూలు బస్తాల అర్ర ఖాళీ చేసి, ఆ రెండిటిని అండ్ల పెట్టు. బస్తాలు పైన మన హాల్ల పడుంటయి."

హాలంటే ఆమెకు ప్రాణం. సోఫా తెచ్చినప్పుడు మూడు నెలలు దాని ప్లాస్టిక్ విప్పనివ్వలేదు. అలాంటి హాలు దసరాకు రెండు రోజుల ముందు నూలు బస్తాలతో నిండిపోయింది. ఆరుగురు కలిసి గడ్డపారలతో సాంచెలను పాత గుంతల దగ్గరికి నెట్టి బిగించారు. గల్లీ మళ్లీ ఒకప్పటి గల్లీ అయింది. కనకవ్వ సోఫాలో బస్తాల మధ్య కూర్చుని, ఒక పళ్లెం కోసం ఇంత ఆగమా అని గొణిగింది గానీ, పళ్లెం మాత్రం చింతపండు వేసి తానే తోమింది.

దసరా పొద్దున సుశీల పళ్లెం పట్టుకుని గల్లీలోకి అడుగు పెట్టింది. ఒళ్లు అదే ఒళ్లు. ఊపిరి బిగబట్టలేదు, పక్కకు తిరగలేదు. ఒక్కో సాంచెకూ పసుపు రాసి కుంకుమ పెడుతూ చివరిదాకా పోయింది. అవతలి గోడ దగ్గర ఒక్క నిమిషం నిలబడి కళ్లు తుడుచుకుని తిరిగొచ్చింది. నేసే లస్మయ్య దారి ఇవ్వబోయి, దారి ఇవ్వనక్కర్లేదని తెలిసి నవ్వాడు.

బయటికి రాగానే కనకవ్వ అలవాటు కొద్దీ కోడలి భుజం పట్టి తిప్పింది. చీర కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. ఎక్కడా ఒక్క మరక లేదు. ముసలామె చేయి అలాగే ఆగిపోయింది. పూనం వైపు తిరిగింది.

"ఇన్నేండ్లు నిన్ను ఉత్తగనే తిట్టిన బిడ్డా," అన్నది.

సుశీల ఆ మాట విని అత్త మొహం చూసింది. తనకు చెప్పవలసిందీ అదే మాట. కానీ కనకవ్వ ఆమె భుజం మీది చేయి తీయలేదు. సుశీల పళ్లెం ఒక అంచు పట్టుకుని రెండో అంచు యారాలి వైపు చాపింది.

"వచ్చే ఏడు నువ్వు గూడ రా పూనం. నేను ముందు, నువ్వు ఎనుక. ఇద్దరికి జాగ ఉన్నది."