ఆరువందల అంచుల గది

ప్యాంటు కాళ్లు మడిచి కుట్టడంలో పెద్దకోడలికి ముప్పై ఏళ్ల అనుభవం ఉంది. దేశాలు దాటడంలో ఏమాత్రం లేదు. మోకాళ్లు మాట వింటుండగానే రైలెక్కి మూడు దేశాలు చూసొద్దామని తోడికోడలు అన్నప్పుడు, మిషను మీంచి తల ఎత్తకుండానే "సరే" అంది.

ఆ తోడికోడలు లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైంది. ఏర్పాట్లన్నీ తనే నెత్తిన వేసుకుంది. కత్తిరింపుల బల్ల మీది గుడ్డలు పక్కకు జరిపి, ఎర్రసిరాతో మారకం రేట్లు రాసిన పెద్ద కాగితం పరిచింది.

"చాలా తేలిక అక్కా. మొదటి దేశం డబ్బు మనదానికి సమానమే. రెండో దేశంలో నలభైతో భాగించాలి. మూడో దేశంలో నలభైతో గుణించాలి. అంతే."

పెద్దకోడలికి ఇది ఒంటపట్టలేదు. ఆవిడకు తెలిసిన లెక్క ఒకటే: ఒక ప్యాంటు అంచు కుడితే ఇరవై. ఎవరు ఏ ధర చెప్పినా, అది ఎన్ని అంచులో చూసుకునేది. టీచరు ఈ పద్ధతిని మర్యాదగా భరించేది.

కాగితం ప్రకారం రెండో దేశం కారుచవక. నది ఒడ్డున హోటల్లో గది రాత్రికి వాళ్ల డబ్బుల్లో మూడొందలు, అంటే మనకు ఏడున్నర. టీచరు మూడు రాత్రులకు బుక్ చేసేసి, మొదటి రాత్రికి కార్డుతో కట్టేసింది కూడా. బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. బ్యాంకు మెసేజ్‌లన్నీ ఆవిడ నెలాఖరున కూర్చుని ఒకేసారి చదువుతుంది. మూడో దేశంలో మాత్రం మామూలు గదికే మూడు లక్షల పైచిలుకు తేలింది.

"అక్కడ స్టేషన్లోనే కూర్చుందాం. రొట్టె ఇంటి నుంచే పట్టుకెళ్దాం" అంది టీచరు.

పెద్దకోడలు సూదిలోకి దారం ఎక్కిస్తూ అడిగింది. "నది పక్కన గది అర అంచు కూడా కాదా?"

"కాదు."

"మరి ఆ దుప్పట్లు ఉతికే ఆవిడ ఏం తింటుంది?"

"అక్కా, నేను ముప్పై ఒక్కేళ్లు లెక్కలు చెప్పాను."

పెద్దకోడలు మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

మర్నాడు ఇద్దరూ డబ్బులు మార్చే కొట్టుకెళ్లారు. టీచరు యాభై తీసి కౌంటర్లో పెట్టి రెండో దేశం డబ్బులు అడిగింది. లెక్క ప్రకారం రెండు వేలు రావాలి. పెట్టుకోవడానికి పెద్ద సంచీ తెచ్చింది.

కౌంటర్లో మనిషి ఒక నాణెం, దాని పక్కన పావు నాణెం పెట్టాడు.

"మిగతాది?" అంది టీచరు.

"అంతే అమ్మా."

పెద్దకోడలు ఒక అంచు డబ్బు తీసి మూడో దేశానివి ఇమ్మంది. ఎనిమిది వందలు వచ్చాయి. ఆవిడ వాటిని నెమ్మదిగా సంచీలో పెట్టింది.

టీచరు బయట మెట్ల మీద కూలబడి ఫోన్ తెరిచింది. బ్యాంకు మెసేజ్‌లో పన్నెండు వేలు అని ఉంది. హోటలుకు ఫోన్ చేస్తే మిగతా రెండు రాత్రులు రద్దు చేశారు. మొదటి రాత్రి డబ్బు మాత్రం వెనక్కి రాదట.

"ఆరువందల అంచులు" అంది టీచరు. ఆ మాట ఆవిడ నోట రావడం అదే మొదలు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "రెండు గళ్లూ తారుమారు చేశాను అక్కా. పిల్లలు ఇలా చేస్తే సున్నా వేసేదాన్ని."

పెద్దకోడలు పక్కన కూర్చుంది. ఆరువందల అంచులంటే ఎన్ని కాళ్లో, ఎన్ని నెలలో ఆవిడకు చెయ్యి నొప్పితో సహా తెలుసు. ఆ సంగతి ఎత్తలేదు.

"డబ్బు ఎటూ పోయింది. అక్కడికెళ్లి నిద్రైనా పోదాం. మిగతా రాత్రులు చవక దేశంలో గడిపేద్దాం."

వెళ్లారు. నది ఒడ్డు గదిలో పెద్దకోడలు ముందుగా కిటికీ తెర అంచు తిరగేసి చూసి, "హడావిడిగా కుట్టారు" అని, చీకటి పడకముందే పడుకుంది. పొద్దున దాకా కదల్లేదు. టీచరు నదిని ఎంతసేపు చూస్తే డబ్బు గిట్టుబాటవుతుందో తెలియక, స్నానానికి వేడినీళ్లు రెండుసార్లు వాడింది.

మూడో దేశం స్టేషన్లో టీ అరవై అన్నారు. టీచరు పర్సు పట్టుకుని నిలబడిపోయింది.

"ఎంతవుతుంది అక్కా?"

"ఒక అంచుకి పదమూడు టీలు. తాగు."

తాగారు. రైలు నలభై నిమిషాలు ఆలస్యం అని చెబితే, టీచరు కళ్లద్దాలు తుడుచుకుని, ఈసారి తనే వెళ్లి మరో రెండు టీలు పట్టుకొచ్చింది.