మీది బొట్టు, నాది గ్లాసు

నేను ఒక మిల్లీగ్రాము మందును. చిటికెడు ఉప్పులో వందో వంతు కూడా ఉండను. బిళ్ళ గన్నేరు ఆకులో పుట్టాను. కిలోకు పైగా ఎండుటాకును నానబెట్టి, వడగట్టి, నాతోపాటు పుట్టిన వందకు పైగా చుట్టాలను విడదీస్తే చివరికి నేను మిగిలాను. గాజు సీసాలో నీటిబొట్టంత ఉండి, కడపలో ఒక ఆసుపత్రి ఫ్రిజ్‌లోకి చేరాను.

నా పేషెంటు పేరు గంగోత్రి. నాలుగున్నరేళ్లు, రక్త క్యాన్సర్. వారానికి ఒక ఇంజెక్షన్. ఈ వారం వంతు నాది.

నర్సు షాహీన్ నన్ను సిరంజిలోకి లాగింది. పాప చేతికి అమర్చిన గొట్టానికి అంగుళం దూరంలో ఆమె చెయ్యి ఆగిపోయింది. మంచం కింద స్టీలు గ్లాసు. అడుగున పచ్చటి మడ్డి.

"ఏందవ్వా అది?"

పాప అమ్మమ్మ ఓబుళమ్మ తడబడలేదు. "నీ మందే సిస్టరమ్మా. బిళ్ళ గన్నేరు నుంచి తీస్తారని పోయిన వారం నువ్వే చెప్పినావు కదా. మా గోడ పక్కన బోలెడు ఉండాది. మీది బొట్టు, నాది గ్లాసు. తొందరగా తగ్గిపోతాదని కాంచుకొచ్చినా."

షాహీన్ సిరంజిని వెనక్కి తీసింది. ధైర్యం చెప్పడానికి తను అన్న మాట అది.

"పాపకు తాపినావా?"

ఆ గ్లాసులో నా చుట్టాలంతా ఉన్నారు. ఎవరు గుండెను పట్టుకుంటారో, ఎవరు రక్తాన్ని దెబ్బతీస్తారో ఎవరికీ లెక్క తెలియదు. వాళ్లు ముందే లోపలికి వెళ్లి ఉంటే, వెనక నేను కూడా వెళ్తే ఆ చిన్న ఒళ్లు తట్టుకోదు.

"ముందు నేను తాగి చూసినా. విషం మాదిరి చేదు. బెల్లం కలిపి పోస్తే ఈ మొండిది నా మీదే ఊసె." ఓబుళమ్మ కొంగు చూపించింది. గుప్పెడంత పచ్చ మరక.

"అవ్వ చీర పాడైపాయ," అంది గంగోత్రి, కాస్త గర్వంగా.

డాక్టరు వచ్చారు. ఇద్దరి నాడీ చూశారు, పాపకు రక్తపరీక్ష మళ్లీ చేయించారు, గంటల తరబడి కనిపెట్టుకుని ఉన్నారు. అంతసేపూ నేను ఫ్రిజ్‌లో. మనుషులు నన్ను ఆకులోంచి విడదీయడానికి ఏళ్లు పట్టింది. ఒక అమ్మమ్మ ప్రేమ పొద్దున్నే పొయ్యి వెలిగించి మళ్లీ కలిపేసింది.

సాయంత్రం డాక్టరు తల ఊపారు. ఇంజెక్షన్ పడింది.

"చెట్టు పీకేద్దునా సిస్టరమ్మా?"

"ఎందుకవ్వా? నీళ్లు పొయ్యి. పూలు పూయనీ. కాంచొద్దు, అంతే."

ఆ మాటలు వింటూనే రక్తంలో పడ్డాను. ఎంత పెద్ద లోకం అది! ఎదురుగా ఒక చెడ్డ కణం రెండుగా చీలడానికి సిద్ధమవుతోంది. లోపల సన్నని దారాలు అల్లుకుంటోంది. వాటితో తన సరంజామాను అటు సగం, ఇటు సగం లాక్కోవాలి. ఇటుకల్లాంటి చిన్న ముక్కలు పేరిస్తేనే ఆ దారాలు తయారవుతాయి; ఆ ముక్కలను నేను పట్టుకుంటాను. నాకు తెలిసిన విద్య అదొక్కటే. మంచి కణమో చెడ్డదో కూడా పోల్చుకోలేను. పాప జుట్టు రాలింది నాకు ముందు వారాల్లో వచ్చిన నాలాంటి వాళ్ల వల్లే.

పట్టుకున్నాను. దారం నిలవలేదు. కణం లాగింది, మళ్లీ లాగింది.

రెండు కాలేకపోయింది.